క్రాసు దాకా ఒక టికెట్టు

వ్యాపారంలో నష్టపోయినవాళ్లు మా పెనుకొండలో చాలామందే ఉన్నారు. చిట్టీలో మునిగినవాళ్లు, ఉల్లిగడ్డలు కుళ్లబెట్టుకున్నవాళ్లు, ధర్మవరం పట్టు అని నమ్మి సూరత్ చీరలు దింపుకున్నవాళ్లు. నా ముందు వాళ్లంతా చిల్లర వర్తకులు. ఎంతో బతిమాలితే ఊళ్లోకి వచ్చిన ఎక్స్‌ప్రెస్ బస్సును, డ్రైవరు కండక్టర్లతో సహా, మళ్లీ హైవే ఎక్కించబోయిన ఘనత నాది. అదీ నా సొంత దుడ్లు ఖర్చు పెట్టి. ఒంటి తెలివితో అంత పని చేసినవాడు మా బజారులో ఇంకొకడు లేడు. ఉంటే వాణ్ణి చూడాలని నాకూ ఉంది.

మా నాయనది పాత బస్టాండుకు ఎదురుగా ఉగ్గాని అంగడి. నానబెట్టిన బొరుగులకు తాళింపు వేసి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెడితే అదే మా ఊరి పొద్దుటి తిండి. నాయన అంగడికి ఆనుకుని నాది గాజులు, రిబ్బన్లు, ప్లాస్టిక్ డబ్బాల అంగడి. నా పక్కన పండ్లంగడి మామ. ఆయన వరసకు ఎవరికీ మామ కాదు, బజారంతటికీ మామ. ఇట్లాంటి చోట పుట్టిన పిల్లవాడికి మొదటి మాట 'ఎంత', రెండో మాట 'తగ్గించు'. డాక్టరు మూడు సూదులు రాస్తే రెండుకు తెగ్గొట్టుకుని వచ్చిన వంశం మాది. జ్వరం మాత్రం మూడు సూదులంత కాలం ఉండి పోయింది.

నా చిన్నప్పుడు హిందూపురం నుంచి ధర్మవరం పోయే బస్సయినా, బెంగళూరు నుంచి అనంతపురం పోయే బస్సయినా మా స్టాండు మొహం చూడకుండా పోయేది కాదు. బస్సు ఆగితే డ్రైవరుకు, కండక్టరుకు నాయన అంగడిలో ప్లేటు ఉచితం. ఇది ఆ దారిలో ఉన్న ప్రతి టిఫిన్ అంగడిలోనూ ఉన్న మర్యాదే. దాని మీద మా నాయన చేసిన పరిశోధన మాత్రం వేరు. డ్రైవరు బజ్జీ తినేంతసేపు బస్సు కదలదు. కాబట్టి డ్రైవరు ప్లేటులోకి వెళ్లే బజ్జీలు ఎప్పుడూ అప్పుడే మూకుట్లోంచి తీసినవి, వేళ్లతో పట్టుకోలేనివి. కాగితం మీద ఐదు నిమిషాలున్న హాల్టు ఆ వేడికి సాగి సాగి పన్నెండు నిమిషాలయ్యేది. ఆలోపల బస్సులో సగం జనం దిగి తిని, మూతి తుడుచుకుని, నా దగ్గర దువ్వెనో హెయిర్‌పిన్నో కొనుక్కుని, మామ దగ్గర అరటిపండ్లు బేరమాడి ఎక్కేవాళ్లు. మా బజారు మొత్తం ఆ రెండు బజ్జీల వేడి మీద బతికింది.

తర్వాత హైవే వెడల్పయింది. ఊరిని తాకకుండా పక్కనుంచి జారిపోయింది. మొదట రాత్రి బస్సులు ఊరి దారి హైవేను కలిసే క్రాసులోనే జనాన్ని దించి పోవడం మొదలుపెట్టాయి. ఆ తర్వాత బెంగళూరు బస్సులు. చివరికి మాకు మిగిలిన ఒకే ఒక ఆస్తి, పొద్దుటి హిందూపురం–ధర్మవరం ఎక్స్‌ప్రెస్ కూడా ఊళ్లోకి రావడం మానేసింది. బోర్డు మీద 'వయా పెనుకొండ' అని అట్లాగే ఉండేది. చుట్టం ఇంటి ముందునుంచే పోతూ మొహం తిప్పుకున్నట్టు. పల్లెవెలుగు బస్సులు వచ్చేవి గానీ, వాటిలో వచ్చేవాళ్లు సద్ది మూట కట్టుకుని వచ్చేవాళ్లు. వాళ్ల పక్కన కూర్చుని మా నాయన ఉగ్గాని అమ్మాలంటే ముందు వాళ్ల మూట దొంగిలించాలి.

పెద్ద మూకుడు అటక ఎక్కింది. చిన్న మూకుడు దిగింది. ఒకరోజు సెల్‌ఫోన్లకు గ్లాసులంటించే కుర్రవాడొకడు వచ్చి అంగడి బాడుగకు అడిగాడు. నాయన అడ్వాన్సు తీసుకున్నాడు. బేరం కూడా ఆడలేదు. అప్పుడు భయం వేసింది నాకు. బేరం ఆడని మా నాయనను నేను అంతకు ముందు చూడలేదు. ఇదేం పనని అడిగితే, వచ్చే నెలాఖరు దాకా గడువు పెట్టానని, ఆలోపల బస్సు వస్తే సరి, లేకపోతే తాళంచెవి ఇచ్చేస్తానని అన్నాడు.

"అంగడి యాడికీ పోదులేరా. ఆ పిల్లోని పక్కన నేనూ ఒక స్టూలేసుకోని కూర్చుంటా. ఫోన్లకి గ్లాసులంటించేది నేర్చుకుంటా."

నాయన వేళ్లు చూశాను. నూనె చిమ్మి చిమ్మి కాయలు కాచిన వేళ్లు. ఆ వేళ్ల కింద ఏ ఫోనూ పలకదు.

నేనూ మామా కలిసి హిందూపురంలో డిపో ఆఫీసరు దగ్గరికి పోయాం. చేతిలో బజ్జీల పొట్లం. హిందూపురం చేరేసరికి అది చల్లబడి నూనె కారి, మామ పంచె మీద పెనుకొండ కొండంత మరక చేసింది. ఒకటి కావాలంటే ఆరు అడగాలన్నది మా బజారు వేదం. నేను ఆరు బస్సులు అడిగాను. స్టాండులో ఫ్యాను, తాగే నీళ్ల కుళాయి కూడా అడిగాను. వాటిని తగ్గించుకుంటూ వచ్చి ఒక బస్సు దగ్గర ఆగుదామని నా ఎత్తు. కానీ నేను గాజులు కొనేవాళ్లతో బేరమాడేవాణ్ణి. ఆయన పొద్దున లేస్తే యూనియన్లతో బేరమాడేవాడు. అంతా విని, పొద్దుటి ఎక్స్‌ప్రెస్ ఒక్కటి, సాయంత్రం తిరుగు ట్రిప్పులోనూ అదే, వచ్చే నెలంతా ఊళ్లోకి పంపి చూస్తానన్నాడు. ఊళ్లోకి వచ్చిపోతే డీజిలూ పోతుంది, టైమూ పోతుంది. మా స్టాండులో ఎక్కేవాళ్లు దానికి సరిపోవాలి. నెలాఖరుకు టికెట్ల మిషన్ ఏం చెబితే అది. రెండు నెలలు ఇవ్వండి సార్ అన్నాను. నెల అన్నాడు. పోనీ నెలా పదిహేను రోజులన్నాను. ఇరవై రోజులు చేయమంటావా అని అడిగాడు. నేను నోరు మూసుకున్నాను. మామ పొట్లం బల్ల మీద పెట్టి వచ్చేశాడు.

ఆ మిషన్ గురించి ఒక మాట. నా చిన్నప్పుడు కండక్టరు చేతిలో రంగురంగుల టికెట్ల కట్టలు, చెవి మీద పెన్సిలు ఉండేవి. స్టేజీ వచ్చినప్పుడల్లా బస్సు ఆపించి కాగితం నింపుకునేవాడు. ఆ పెన్సిలుతో మాట్లాడవచ్చు, బజ్జీ పెట్టవచ్చు, ఒక నవ్వు నవ్వించవచ్చు. ఇప్పటి మిషన్‌కు నోరు లేదు. ఎవరు ఎక్కడ ఎక్కారో, ఎక్కడ దిగుతారో దానికి తెలుసు. అది ఎవరి చేతి తిండీ తినదు. అట్లాంటి దానితో వ్యాపారం చేయడం మా వంశంలో ఎవరికీ అలవాటు లేదు.

మొదటి రోజు బస్సు స్టాండులోకి తిరుగుతుంటే నాయన అటక మీదినుంచి పెద్ద మూకుడు దించాడు. అమ్మ తెల్లారకముందే లేచి బొరుగులు నానబెట్టింది. జనం దిగారు. తిన్నారు. డ్రైవరు బజ్జీ ఊదుకుంటూ ఊదుకుంటూ పన్నెండు నిమిషాలు గడిపాడు. నాయన మొహం చూసి నేను కూడా రెండో ప్లేటు తిన్నాను. అయితే మా స్టాండులో బస్సెక్కింది ఇద్దరే ఇద్దరు. అందులో ఒకాయన వేరే బస్సనుకుని ఎక్కి, మూల తిరిగాక అరిచి దిగిపోయాడు. క్రాసులో బస్సెక్కడం జనం కాళ్లకు అలవాటైపోయింది. వారం గడిచినా అదే కథ. ప్లేటు ముందు కూర్చున్న కండక్టరే చివరికి చెప్పాడు.

"తినేటోళ్లు శానామంది ఉండారన్నా. ఎక్కేటోళ్లే లేరు. మిషన్ బజ్జీలు లెక్కబెట్టదు గదా."

ఆ సాయంత్రం అంగళ్లవాళ్లందరం నాయన బెంచీల మీద కూర్చున్నాం. నా తెలివి వెలిగింది అక్కడే. జనం ఎక్కకపోతే మనమే ఎక్కుదాం అన్నాను. ధర్మవరం దాకా టికెట్టు, మళ్లీ తిరుగు టికెట్టు, మధ్యలో పోయే ఒక రోజు గిరాకీ, ఇవన్నీ కలిపితే బస్సునే కొనొచ్చని మామ గొణిగాడు.

"ధర్మవరం దాకా యాల మామా? క్రాసు దాకా తీసుకుందాం. మినిమం చార్జీ. మిషన్‌కి మనిషి మనిషే గదా."

బెంచీలన్నీ తలలూపాయి. నాకు అంతమంది ఒకేసారి తలలూపడం అదే మొదలు. మామకు ఇంకో అనుమానం వచ్చింది. ఆడవాళ్లకు ఇప్పుడు ప్రభుత్వం బస్సు ఉచితం చేసింది కదా, వాళ్లను ఎక్కిస్తే ఖర్చే ఉండదు కదా అన్నాడు. నేను నవ్వాను. దుడ్లు పుట్టని టికెట్టుకు లెక్కేముంటుంది మామా అన్నాను. ఊరికే ఇచ్చిన సరుకు కూడా అమ్మకం కింద రాసుకుంటారని ఏ వ్యాపారస్థుడు నమ్ముతాడు? లోపల పీట మీద కూర్చుని మిరపకాయలు చీరుతున్న అమ్మ ఒకసారి తలెత్తి మా వైపు చూసింది. మళ్లీ మిరపకాయల్లో పడింది.

మరుసటి రోజు నుంచి వంతులు వేసుకుని ఎక్కాం. రోజుకు పది పన్నెండు మంది. ఎరువుల అంగడాయన కిటికీ సీటు కోసం చెప్పుల అంగడాయనతో వాదించాడు. పోయేది పిడికెడు దూరం. మామ మూడోరోజు కునుకు తీసి, చెన్నేకొత్తపల్లిలో లేచి, పైచార్జీ కట్టి, ఎండన పడి వచ్చి, ఆ దుడ్లు నేనే ఇవ్వాలన్నాడు. క్రాసు నుంచి తిరిగి రావడానికి ఒక ఆటో అతనితో హోల్‌సేల్ బేరం మాట్లాడాను. రోజూ గిరాకీ గ్యారంటీ, కాబట్టి తలకింత తగ్గించాలి. అతను తగ్గించాడు. అందుకు నా భుజం నేనే తట్టుకున్నాను. అవసరం లేని చోటికి పోయి, అవసరం లేని చోటినుంచి చౌకగా తిరిగిరావడంలో నన్ను మించినవాడు లేడు.

కండక్టరు మాత్రం మిషన్ నొక్కి నొక్కి వేలు నొప్పి పుట్టి ఒకరోజు ఉండబట్టలేక అడిగాడు.

"మీ ఊర్లో అందరికీ ఆ క్రాసులో ఏం పనన్నా?"

"గాలి బాగుండాదప్పా ఆడ."

అతను బజ్జీ కొరుకుతూ మళ్లీ మిషన్ చేతిలోకి తీసుకున్నాడు.

మూడు వారాలు గడిచాక ఆఫీసరు దగ్గర్నుంచి పిలుపు వచ్చింది. నేనూ మామా ఇస్త్రీ చొక్కాలు వేసుకుని హిందూపురం పోయాం. ఆయన కుర్చీలోంచి లేచి నా చేయి పట్టుకుని ఊపాడు. నా గుండె ఎగిరి ఫ్యానుకు తగిలింది.

"మీ ఊరి కష్టం నాకు ఇప్పుడు అర్థమైంది," అన్నాడు.

కంప్యూటరు మా వైపు తిప్పాడు. మా స్టాండులో ఎక్కేవాళ్లు ఇంతమంది ఉన్నారని తాను ఊహించలేదట. కానీ చూడండి, వీళ్లలో ధర్మవరం పోయేవాళ్లు వేళ్ల మీద లెక్కబెట్టేంత మందే ఉన్నారు. మిగతా అందరూ క్రాసులోనే దిగుతున్నారు. అంటే ఊళ్లోనుంచి క్రాసుకు పోవడానికే మీకు బండి లేదన్నమాట. దానికి ఎక్స్‌ప్రెస్ ఎందుకు? నెల కాగానే దాన్ని మళ్లీ హైవే మీదికి పంపించి, మీకు స్టాండు నుంచి క్రాసుకు ఒక పల్లెవెలుగు బస్సు తిప్పుతాను అన్నాడు.

"మీరు ఆరు అడిగారు. నేను రోజుకు ఎనిమిది ట్రిప్పులు ఇస్తున్నాను."

ఆయన కళ్లలో నిజమైన సంతోషం ఉంది. అది చూస్తే నిజం చెప్పాలని నోరు తెరుచుకుంటుంది, చెప్పలేక మూసుకుంటుంది. ఆ టికెట్లన్నీ మేమే సార్ అని చెబితే ఉన్న వారం గడువు కూడా పోతుంది. ఇన్నేళ్ల బేరాల్లో అడిగినదానికంటే ఎక్కువ ఇచ్చినవాణ్ణి నేను అదే చూడడం. అది తీసుకుంటే మా కొంప మునుగుతుంది.

మామ నా వైపు చూశాడు. తర్వాత కంప్యూటరు వైపు వేలు చూపించి, ధర్మవరం దాకా పోయిన ఆ కొద్దిమంది ఎవరని అడిగాడు. ఎక్కువమంది ఆడవాళ్లేనన్నాడు ఆఫీసరు. దుడ్లు లేకుండా కొట్టిచ్చే జీరో టికెట్లు.

"అవి గూడా లెక్కేనా సార్?" అని మామ.

"లెక్క కాకపోతే ఎట్లా? వాళ్ల చార్జీ ప్రభుత్వం కట్టిస్తుంది. ఎంత దూరం పోతే అంత."

మామ నా వైపు రెండోసారి చూశాడు. ఆ చూపుకు రేటు కట్టలేను. నెలాఖరు దాకా ఏమీ మార్చొద్దు సార్ అని మాత్రం అడగగలిగాను. మాట ఇచ్చాను కదా, ఇంకో వారముంది కదా అన్నాడాయన.

ఇంటికి వచ్చేసరికి నాయన పెద్ద మూకుడు తోముతున్నాడు. జరిగిందంతా చెప్పాను. నాయన మూకుడు తిప్పి రెండోవైపు కూడా తోమాడు. అటక మీద పెట్టేముందు అంత శుభ్రంగా తోముతాడు. అమ్మ లోపలినుంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"ఆ పొద్దే చెప్దామనుకుంటి. నువ్వు మిషన్ సంగతి చెప్తాంటివి. మధ్యలో యాలలే అని ఊరుకుంటి."

"ఏం చెప్దామనుకున్యావు మా?"

"ధర్మవరంలో మా యక్క ఉండాది. చూసి రెండేండ్లాయ. ఎప్పుడడిగినా మీ నాయన రేపు గిరాకీ ఉండాదంటాడు. నేను పోతా."

మరుసటి రోజు పొద్దున బస్సు వచ్చేసరికి స్టాండులో అమ్మ పెట్టెలోంచి తీసిన చీర కట్టుకుని నిలబడి ఉంది. పక్కన మామ భార్య, నా భార్య, చెప్పుల అంగడామె, వాళ్ల వదిన, ఇంకా నాలుగైదు ఇళ్లవాళ్లు. నటించడానికి వచ్చినవాళ్లు కాదు. మామ భార్యకు కళ్లు మసకబారి చాలా రోజులైంది, ధర్మవరంలో చూపించుకోవాలి. నా భార్యకు మగ్గం నేసే చిన్నమ్మ ఇల్లుంది. చెప్పుల అంగడామెకు మనవరాలికి పేరు పెట్టిన దగ్గర్నుంచి దాన్ని ఎత్తుకోవాలని ఉంది. మా బజారులో ప్రతి ఇంట్లోనూ ఒక ధర్మవరం పని ఉంది. గిరాకీ పేరు చెప్పి మేమే దాన్ని గోనెసంచుల కింద పడేసి ఉంచాం. ఊళ్లో ప్యాసింజర్లు లేరని మేం హిందూపురం దాకా పోయి ఏడ్చాం. ప్యాసింజర్లు మా వంటిళ్లలో ఉన్నారు.

వాళ్లందరూ వరసగా ధర్మవరం, ధర్మవరం అంటుంటే కండక్టరు మిషన్ ఆపి ఒకసారి కిందికి వంగి నా వైపు చూశాడు. గాలి మారిందప్పా అన్నాను.

అంతా బాగానే ఉంది. బస్సులోంచి జనం దిగి అంగడి ముందు నిలబడ్డారు. నాయన గల్లాపెట్టె దగ్గర నిలబడ్డాడు. అప్పుడు మాకిద్దరికీ ఒకేసారి వెలిగింది. బొరుగులు నానబెట్టేది, పిండేది, తాళింపు వేసేది, మిరపకాయలు చీరి వాము దట్టించేది అమ్మ. నాయన వాటిని నూనెలో వేసి తీస్తాడు, దుడ్లు తీసుకుంటాడు, కేకలు వేస్తాడు. ఆ అమ్మ ఇప్పుడు కిటికీ సీట్లో ఉంది.

"బొరుగులు నానబెట్టినా. గట్టిగా పిండొద్దురా, ముద్దవుతాయి," అని కిటికీలోంచి చెప్పింది.

గట్టిగా పిండాను. ముద్దయ్యాయి. చీరకుండా వేసిన మిరపకాయలు మూకుట్లో టపాసుల్లా పేలాయి. మా ఉగ్గాని చూసి ఒకాయన ఇది ఉప్మానా అని మర్యాదగా అడిగాడు. డ్రైవరు నా బజ్జీ ఒకటి కొరికి, రెండోది ప్లేటులోనే వదిలి, నాలుగు నిమిషాల్లో బస్సు తీశాడు. జన్మలో మొదటిసారి మా స్టాండులో ఎక్స్‌ప్రెస్ టైముకు ముందు కదిలింది. అమ్మ కిటికీలోంచి తల తిప్పి, పొగ కమ్మిన మా అంగడిని చూసి నవ్వుతూ పోయింది.

వారమంతా ఆడవాళ్లు పోయారు. రోజూ వాళ్లే కాదు, వంతులు వాళ్లు కూడా వేసుకున్నారు, మాకంటే బాగా. పోయినవాళ్ల వెంట ధర్మవరం నుంచి చుట్టాలు సాయంత్రం బస్సులో రావడం మొదలైంది. అమ్మ ఒకరోజు విడిచి ఒకరోజు పోయింది. ఆమె లేనిరోజు మూకుడు దగ్గర నేనూ నాయనా. వారం చివరికి నా బజ్జీని బజ్జీ అనుకునేంత వరకు వచ్చాను.

నెలాఖరున ఆఫీసరు నాకు ఫోన్ చేశాడు. బస్సు ఊళ్లోకే వస్తుందని ఆర్డరు రాశానన్నాడు. తర్వాత కొంచెం ఆగి, క్రాసుకు పోయే ఆ జనమంతా ఈ వారం ఏమయ్యారని అడిగాడు. ఆటోలు అలవాటయ్యాయి సార్ అన్నాను. ఒక విధంగా అది నిజమే.

ఫోన్ల కుర్రవాడు వచ్చాడు. అడ్వాన్సు మీద ఈ నెలకు నష్టపరిహారం అడిగాడు. నేను నోరు తెరిచేలోపల నాయన నా చేతిలో మిరపకాయల గంప పెట్టి లోపలికి పంపించాడు. అడిగింది అడిగినట్టు ఇచ్చాడు. ఆ కుర్రవాడు ఉగ్గాని కూడా తిని పోయాడు, దానికి మాత్రం దుడ్లిచ్చాడు.

ఇక నిజం లెక్క. క్రాసు టికెట్లు, ఆటో బాడుగలు నావి నేను పెట్టుకున్నాను. మిగతావాళ్లవి కూడా బజారు న్యాయం ప్రకారం నా మీదే పడ్డాయి. మామ చెన్నేకొత్తపల్లి పైచార్జీ కట్టాను. ఆ పూట మామ తాగిన మజ్జిగ కూడా బిల్లులో కలిపాడు, అది తగ్గించలేకపోయాను. వారం రోజులు నేను మాడ్చిన నూనె, శనగపిండి నాయన కట్టమన్నాడు, కట్టాను. అమ్మ వాళ్ల అక్కకు తీసుకుపోయిన చీర నా ఖర్చు. ఆ అక్క అమ్మకు పెట్టిన చీర జమ కింద రాద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు. నష్టపరిహారంలో సగం నాది. ఇటువైపు జమ వేస్తే, బస్సు మళ్లీ వచ్చినప్పటి నుంచి అమ్ముడైన దువ్వెనలు, గాజులు, హెయిర్‌పిన్నులు. తీసేస్తే ఈ రోజుకు ఇంకా పద్దెనిమిది వందల చిల్లర నష్టంలోనే ఉన్నాను. నాయన అంగడి నాయనకు ఉంది. పెద్ద మూకుడు కింద ఉంది. బస్సు రోజూ వస్తోంది, పన్నెండు నిమిషాలు నిలబడుతోంది. గురువారాలు అమ్మ ధర్మవరం పోతుంది, మూకుడు నాది. ఆ రోజు ఏడు నిమిషాలే.